పాడి నుంచి ప్లాటు దాకా: ఉత్తరాంధ్రలో డి-పట్టా భూములు ఎలా చేతులు మారుతున్నాయి?

విశాఖపట్నం నుంచి జాతీయ రహదారి మీద ఉత్తరానికి వస్తే ఆనందపురం, తగరపువలస దాటాక భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం చేరతాం. ఈ దారికి రెండు పక్కలా ఒకప్పుడు జీడి తోటలు, సరుగుడు తోటలు, చోడి చేలు, వాటి మధ్య మేసే గొడ్లు కనిపించేవి. ఇప్పుడు సిమెంటు రాళ్ళు, రంగు జెండాలు, పెద్ద పెద్ద ఆర్చీలు కనిపిస్తున్నాయి. ఆ ఆర్చీల్లో ఒకదాని వెనకాల మా మామ్మ గేదెల సాల ఉండేది. అది డి-పట్టా భూమి. రెండెకరాల పది సెంట్లు. చట్టం ప్రకారం దాన్ని ఎవరూ అమ్మకూడదు, ఎవరూ కొనకూడదు. అయినా అది అమ్ముడుపోయింది. ముక్కలై, కలిసిపోయి, మళ్ళీ ముక్కలై గజాల్లెక్కన అమ్ముడుపోయింది.

అమ్మకూడని భూమి ఎలా అమ్ముడవుతుంది? ఈ ప్రశ్నకి మామూలుగా రెండు జవాబులు చెప్తుంటారు. మొదటిది, "దళితులకి భూమి నిలబెట్టుకోవడం తెలీదు, తాగి తగలేస్తారు" అనేది. ఇది ఊళ్ళో పెద్దకులాల వాళ్ళ జవాబు. రెండోది, "భూమాఫియా కబ్జా చేసింది" అనేది. ఇది మన మీటింగుల్లో మనం చెప్పే జవాబు. మొదటిది అబద్ధం. రెండోది నిజమే కానీ సగం నిజం. చాలాచోట్ల కబ్జా అక్కర్లేకుండానే, మన వాళ్ళు వేలిముద్ర వేస్తేనే భూమి పోయింది. ఆ వేలిముద్ర వెనకాల ఏం జరిగిందో అర్థం చేసుకోకపోతే మిగిలిన భూమిని కూడా కాపాడుకోలేం. దాన్ని అడుగడుగునా విప్పి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ భూమి ఎక్కడిది?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం జమీందారీల గడ్డ. విజయనగరం, బొబ్బిలి వంటి సంస్థానాల కింద ఊళ్ళకు ఊళ్ళు ఉండేవి. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. సాగు చేస్తున్నట్టు రికార్డులో ఉన్న రైతులకి రైతువారీ పట్టాలు వచ్చాయి. మన ప్రాంతంలో దాన్నే జిరాయితీ అంటాం. మరి దున్నింది ఎవరు? కంబారులుగా, పాలేర్లుగా మాల, మాదిగ, పైడి, రెల్లి కులాల వాళ్ళు కూడా దున్నారు. కానీ రికార్డులో వాళ్ళ పేరు లేదు. కాబట్టి జిరాయితీ వాళ్ళకి రాలేదు. మిగిలిన బంజర్లు, పోరంబోకులు ప్రభుత్వం చేతికి వచ్చాయి.

ఆ మిగులులోంచే మనకి భూమి ఇచ్చారు. రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డరు 15 కింద భూమిలేని పేదలకి పల్లం అయితే రెండున్నర ఎకరాలు, మెట్ట అయితే అయిదెకరాలు మించకుండా ఇవ్వొచ్చు. 1954 జూన్ 18 నాటి జీవో 1142 దగ్గర్నుంచి ఈ పట్టాలకి ఒక షరతు తగిలించారు: వారసులకి సంక్రమిస్తుంది గానీ అమ్మడానికి వీల్లేదు. ఆ షరతుతో ఇచ్చిందే డి-పట్టా. 1973 భూసంస్కరణల చట్టం కింద మిగులుగా తేలిన భూమిలో కూడా కొంత పంచారు.

ఇచ్చిన భూమి ఎలాంటిదో కూడా చూడాలి. గెడ్డ ఒడ్డు, చెరువు గట్టు పక్క, రాళ్ళ మెట్ట, కొండ దిగువ. నాయుళ్ళు దున్నకుండా వదిలేసిన నేల. మా తాతకిచ్చిన భూమిలో మొదటి రెండేళ్ళు రాళ్ళు ఏరడమే వ్యవసాయం. ఆ రాళ్ళే తర్వాత గేదెల సాలకి గోడ అయ్యాయి.

ఆ నేల పాడితోనే బతికింది

మెట్ట రెండెకరాల్లో చోడో, గంటో, నువ్వులో, గోగో వేస్తే ఏడాదికి ఒక పంట. వాన తప్పితే అదీ లేదు. ఒక్క పంటతో ఏ కుటుంబమూ బతకదు. మరి ఈ డి-పట్టాలు రెండు తరాల పాటు మన చేతిలో ఎలా నిలబడ్డాయి? పాడి వల్ల నిలబడ్డాయి. ఈ సంగతిని భూమి మీద రాసినవాళ్ళు అంతగా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. చేలో పండిన చోడి మనిషికి, చొప్ప గేదెకి. గట్టు మీది గెడ్డి గేదెకి. గేదె పేడ చేనుకి. పాలడబ్బు పదిరోజులకో పదిహేను రోజులకో చేతికి వస్తుంది, దాంతో ఉప్పూ పప్పూ, పిల్లల పుస్తకాలు. పంట ఏడాదికోసారి ఇచ్చేదాన్ని పాడి రోజువారీ బతుకుగా మారుస్తుంది. 1974లో ఏర్పడిన షెడ్యూల్డు కులాల సహకార ఆర్థిక సంస్థ, తర్వాత వచ్చిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం గేదెలకి రుణాలిచ్చాయి. రెండు గేదెల యూనిట్ అనేవారు. మొదటిది ఇప్పుడు, ఆర్నెల్లు పోయాక రెండోది. ఒకటి వట్టిపోయేసరికి ఇంకొకటి ఈనాలి అని దాని లెక్క. కాయితం మీద మంచి లెక్కే. మొదటి గేదె వచ్చి రెండోది రాకపోతే మాత్రం ఆ లెక్క అప్పుగా మిగిలేది.

పాడిలోనూ కులం ఉంది. మాలపేట పాలు ఇంట్లో వాడుకోవడానికి పెద్దకులాల వాళ్ళు కొనేవారు కాదు. పాల కేంద్రం వచ్చాక ఒక మార్పు వచ్చిన మాట నిజం. సీసాలో పాలు వేసి వెన్న శాతం చూసే యంత్రానికి కులం తెలీదు. అందరి పాలూ ఒకే క్యానులో కలిసేవి. కానీ మా ఊరి కేంద్రం నాయుళ్ళ వీధి అరుగు మీద ఉండేది. మా మామ్మ అరుగు ఎక్కకూడదు, కింద నుంచే చెంబు అందించాలి. కొలత ఎంత వచ్చిందో తనకి కనిపించేది కాదు. "పాలకి మైల నేదు గానీ పాలు తెచ్చిన సేతికి మైలంట" అనేది. సంఘంలో సభ్యత్వం కూడా తాత పేరు మీదే. గెడ్డి కోసింది, పాలు పితికింది, పేడ ఎత్తింది మామ్మ.

ఈ పాడికి ఆధారం సొంత రెండెకరాలు మాత్రమే కాదు. చుట్టూ ఉన్న ఉమ్మడి భూములు: బంజరు, చెరువు గర్భం, గెడ్డ ఒడ్డు, గోర్జి పక్క పచ్చిక. భూమి బొత్తిగా లేని రెల్లి కుటుంబాలు ఈ ఉమ్మడి నేలల్లోనే గెడ్డి కోసి పట్నాల్లో మోపులు అమ్ముకుని బతికేవి. సోంపేట బీల భూములు, సంతబొమ్మాళి మండలంలోని తంపర భూములు ఇలాంటివే. చేప, గెడ్డి, నీరు మూడూ ఇచ్చే చిత్తడి నేలలు. ప్రభుత్వం కాయితాల్లో అవి పనికిరాని భూములు. ఆ పేరు పెట్టే థర్మల్ కంపెనీలకి ఇచ్చారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. పనికిరాని భూమి కోసం జనం ప్రాణాలివ్వరు. ఎవరికి పనికిరాదు అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడే మొదటి మెట్టు ఉంది. ఉమ్మడి పచ్చిక పోతే గెడ్డి కొనాలి. వరిగడ్డి, తవుడు, తెలకపిండి ధరలు పెరిగితే పాలడబ్బు మేతకే పోతుంది. అప్పుడు గేదె అమ్ముడవుతుంది. గేదె పోయాక మెట్ట రెండెకరాలు ఉత్త నేల అయిపోతుంది. మా చిన్నాన్నని "ఎందుకు అమ్మీసినావు?" అని అడిగితే ఆయనన్న మాట ఇది: "ఏటి సెయ్యమంతావు బావూ! గెడ్డి నేదు, గొడ్డు నేదు. ఉత్తి బూమి కూడెడతాదా?" భూమి అమ్మకం గేదె అమ్మకంతోనే మొదలైందని ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.

ముక్కలు కావడం

రెండో మెట్టు పంపకం. డి-పట్టా తాత పేరు మీద ఉంటుంది. తాత పోయాక రికార్డులో పేరు మార్పించుకోవాలంటే తాసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి. కూలి మానుకుని ఎవరు తిరుగుతారు? అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకుంటారు. మా రెండెకరాల పది సెంట్లు ముగ్గురికి తలా డెబ్భై సెంట్లు అయింది. ఇద్దరు ఆడపిల్లల్ని ఎవరూ అడగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన హక్కు చట్టంలో ఉంది. అమలు చేయమని అడిగే చోటు మాత్రం మన ఇళ్ళల్లో కూడా లేదు. మామ్మతో కలిసి గెడ్డి మోసిన మా మేనత్తలకి ఒక్క సెంటు రాలేదు.

డెబ్భై సెంట్లలో గేదెల్ని కట్టొచ్చు గానీ మేపలేం. ముక్కలైన కమతం గురించి అంబేడ్కర్ 1918లోనే రాశాడు. భారతదేశంలో చిన్న కమతాలు, వాటికి పరిష్కారాలు అన్న ఆ వ్యాసంలో ఆయన వాదన సూటిగా ఉంటుంది. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాల్లో తేలదు. దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు, మనుషుల లెక్కలో తేలుతుంది. పెట్టుబడి లేనివాడికి పెద్ద కమతం కూడా దండగే. భూమి మీద మిగిలిపోయిన జనానికి వేరే పని చూపించకుండా కమతాలు కలిపినంత మాత్రాన రోగం కుదరదు, పారిశ్రామికీకరణే దారి అని చెప్పాడు. 1947లో రాసిన రాజ్యాలు-మైనారిటీలు అన్న పత్రంలో ఇంకో అడుగు ముందుకేసి, భూమి రాజ్యం సొత్తుగా ఉండాలని, ఊరివాళ్ళు కులభేదం లేకుండా ఉమ్మడిగా సాగు చెయ్యాలని, పెట్టుబడి రాజ్యమే పెట్టాలని ప్రతిపాదించాడు. మనకి జరిగింది దీనికి తలకిందులు. భూమి ముక్కగా ఇచ్చారు, పెట్టుబడి ఇవ్వలేదు. ఉమ్మడిగా ఉన్న పచ్చిక ఒక్కటీ తీసేసుకున్నారు.

అమ్మకం జరిగే తీరు

ఇప్పుడు అసలు అమ్మకం. కార్యకర్తలు దీన్ని దశలవారీగా గుర్తుపెట్టుకోవాలి. ఏ దశలో ఉందో తెలిస్తేనే ఏం చెయ్యగలమో తెలుస్తుంది.

ఒకటి. అవసరం. ఆస్పత్రి, పెళ్ళి, చదువు, గల్ఫు వీసా. డి-పట్టా కాబట్టి రిజిస్ట్రేషన్ కాదు. వడ్డీకిచ్చిన వాడే కొనేవాడు అవుతాడు.

రెండు. కాయితం. స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాస్తారు. కొన్నిచోట్ల దాన్ని దీర్ఘకాలం కౌలు అంటారు, కొన్నిచోట్ల అప్పు పత్రం అంటారు, కొన్నిచోట్ల జనరల్ పవరాఫ్ అటార్నీ. పేరు ఏదైనా పని ఒకటే: భూమి స్వాధీనం చేస్తారు. ఒరిజినల్ పట్టా కాయితం కొన్నవాడి పెట్టెలోకి పోతుంది.

మూడు. కలపడం. దళారీ పక్కపక్క ముక్కలన్నీ ఇలాగే తీసుకుంటాడు. మధ్యలో ఉన్న ఒక్క రైతు అమ్మనంటే గోర్జి మూసేస్తారు, గట్టు తెంపేస్తారు. ఆ రైతు గొడ్డుని చేనుకి తోలడానికే దారి ఉండదు. ఏడాది తిరక్కుండా ఆయనా అమ్ముతాడు.

నాలుగు. ముసుగు. కొన్నాళ్ళు డెయిరీ ఫారం అనో తోట అనో బోర్డు కడతారు. పక్కనున్న జిరాయితీ సర్వే నంబరులో హద్దులు కలిపేసుకుంటారు. కొత్త సబ్‌డివిజన్ నంబర్లు పుడతాయి.

అయిదు. లేఅవుట్. రోడ్లు వేసి, ఖాళీ స్థలం చూపించి, రాళ్ళు పాతుతారు. అనుమతి ఉన్నవి కొన్ని, లేనివి చాలా. 2017లో వచ్చిన లేఅవుట్, సబ్‌డివిజన్ నిబంధనలు అనుమతి లేకుండా ముక్కలు చేసి అమ్మకూడదంటాయి. ఆ నిబంధన నుంచి తప్పించుకోవడానికే ఫారం ప్లాట్లు అన్న పేరు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఇవి ఏ ఊరి ధరలూ కావు, లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. జిరాయితీ ఎకరం 20 లక్షలు పలికే చోట డి-పట్టా ఎకరం 7 లక్షలకి అడుగుతారు అనుకుందాం. ఎకరానికి 4,840 గజాలు. అంటే పేదవాడికి గజానికి 145 రూపాయలు ముట్టింది. రోడ్లకీ ఖాళీ స్థలానికీ నలభై శాతం పోయినా 2,904 గజాలు అమ్మకానికి మిగులుతాయి. గజం 5,000 అయితే కోటీ 45 లక్షలు. రోడ్లు, స్తంభాలు, కమీషన్లు, ఆఫీసు ఖర్చులు అని పాతిక లక్షలు తీసేసినా కోటీ ఇరవై లక్షల దాకా ఉంటుంది. పట్టాదారుడికి ఏడు. ఈ తేడా వ్యాపార తెలివితో వచ్చింది కాదు. అమ్మకూడదన్న షరతు వల్ల పేదవాడికి ధర పడిపోయింది, అదే షరతుని దాటగలిగినవాడికి ఆ పడిపోయిన ధర లాభమైంది.

చట్టం ఏం చెప్తోంది?

1977 జనవరి 21 నుంచి అమల్లోకి వచ్చిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం మూడు మాటలు చెప్తుంది. షరతుతో ఇచ్చిన భూమిని అమ్మితే ఆ అమ్మకం చెల్లదు, అసలు జరగనట్టే. కొన్నవాడిది నేరం. అధికారి ఆ భూమిని వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుడికి గానీ, ఆయన వారసులకి గానీ తిరిగి ఇవ్వాలి. 2007లో చేసిన సవరణ ఈ మూడో మాటని కొంత బలహీనపరిచింది.  అదే ఏడాది రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ సెక్షన్ కింద నిషేధిత భూముల జాబితా వచ్చింది. ఇంకో తమాషా ఉంది. 1977 చట్టమే బ్యాంకుకీ సహకార సంఘానికీ తాకట్టు పెట్టుకోవడానికి మినహాయింపు ఇచ్చింది. అప్పు తీర్చకపోతే బ్యాంకు కోసం భూమి కదలగలదు, బిడ్డ ఆపరేషన్ కోసం కదలకూడదు.

2006లో కోనేరు రంగారావు భూ కమిటీ నివేదిక ఇచ్చింది. 104 సిఫార్సులు చేస్తే ప్రభుత్వం 74 ఒప్పుకుంది. పేదల చేతిలో ఉండాల్సిన భూమి ఎలా జారిపోయిందో మన వాళ్ళు చెప్తున్నదే ఆ నివేదిక సర్కారు భాషలో చెప్పింది.

2023లో రాష్ట్ర ప్రభుత్వం చట్టాన్ని మళ్ళీ సవరించింది. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటితే అసైన్డ్ సాగుభూమి మీద పూర్తి హక్కు, అమ్ముకునే హక్కుతో సహా. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాలు జరిగాయని రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకి ఆదేశించారు.

ఈ సవరణ మీద మనలోనే రెండు అభిప్రాయాలున్నాయి. "నాయుడు తన భూమి అమ్ముకోవచ్చు, నేను అమ్ముకోకూడదా? నన్నెందుకు మైనరు పిల్లాడిలా చూస్తారు?" అన్నది ఒకటి. ఇందులో ఆత్మగౌరవం ఉంది, దీన్ని కొట్టిపారెయ్యలేం. "అమ్మకం తెరిస్తే ఉన్నదీ పోతుంది" అన్నది రెండోది. ఇందులో అనుభవం ఉంది. నా మటుకు నాకు అనిపించేది ఇది. నిషేధం అమ్మకాన్ని ఆపలేదు, ధరని మాత్రం తగ్గించింది. అలాగని నిషేధం ఎత్తేస్తే న్యాయం జరగదు. ఎందుకంటే అప్పటికే తక్కువకి పోయిన భూముల మీద పాత అగ్రిమెంట్లు పట్టుకుని వచ్చేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. హక్కు పేదవాడి పేరున పుట్టి, మర్నాడే కొన్నవాడి పేరున రిజిస్టరు అవుతుంది.

ఇక్కడ మన వాళ్ళకి తెలియని ఒక బలం ఉంది. పాత అమ్మకం చట్టం ముందు చెల్లదు కాబట్టి రికార్డులో పేరు ఇంకా మనదే. రిజిస్ట్రేషన్ కావాలంటే కొన్నవాడికి మన సంతకం మళ్ళీ కావాలి. 2023 తర్వాత మా ఊళ్ళో దళారులు మిఠాయి పొట్లాలతో మాలపేటకి వచ్చింది అందుకే. పదిహేనేళ్ళుగా పలకరించని వాళ్ళు "మామా, బాగున్నావా?" అంటూ వచ్చారు. ఆ రెండో సంతకానికి అయిదువేలో పదివేలో ఇచ్చి పోయారు. దాని విలువ ఎంతో మన వాళ్ళకి చెప్పేవాళ్ళు లేకపోయారు. ఆ పని మనం చెయ్యాల్సింది.

భోగాపురం: ప్రభుత్వమే కొనేవాడైతే

ప్రైవేటు దళారీ ఒకవైపు అయితే ప్రాజెక్టు ఇంకోవైపు. భోగాపురం విమానాశ్రయానికి 2015లో భూసేకరణ మొదలైంది. మొదట వినిపించిన లెక్క వేల ఎకరాల్లో పెద్దది. ఊళ్ళు తిరగబడి, కోర్టులకెళ్ళి, చివరికి అది రెండువేల రెండొందల ఎకరాల దాకా దిగింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి శంకుస్థాపన చేశారు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట అనే నాలుగు ఊళ్ళని అక్కణ్నుంచి తరలించారు. నాలుగో ఊరి పేరు మరోసారి చదవండి. విమానాశ్రయం మీద రాసిన వార్తల్లో ఆ పేరు ఒక వరుసలో వచ్చి పోయింది.

ప్రాజెక్టు పేరు వినపడగానే సేకరించని భూముల ధరలు కూడా లేచాయి. అప్పటికే డి-పట్టా అమ్మేసినవాడికి ఆ పెరుగుదలలో రూపాయి రాదు. అమ్మనివాడికి మాత్రం ఒక గట్టి తీర్పు అండగా ఉంది. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, ప్రజావసరం కోసం అసైన్డ్ భూమిని తీసుకుంటే జిరాయితీదారుడితో సమానంగా మార్కెట్ విలువ కట్టివ్వాలని చెప్పింది. 2013 భూసేకరణ చట్టం ఇంకా ముందుకెళ్ళి, అసైన్డ్ భూమి ఉన్నవాళ్ళనే కాక ఆ నేల మీద బతికే కౌలుదార్లని, కూలీలని కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. గెడ్డి కోసి బతికే రెల్లి కుటుంబాన్ని ఆ జాబితాలో రాయించడం మాత్రం ఎవరో ఒకరు పట్టుబడితే తప్ప జరగదు.

ధరతో తేలని సంగతి

ఇదంతా డబ్బు లెక్కే అనుకుంటే పొరపాటు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపారు. ఆ ఊరు అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం సేకరించిన భూమిలో మునగకుండా మిగిలిన నేలని మాలలు సాగు చేసుకుంటున్నారు. ఊళ్ళోని తూర్పుకాపులకి అది గిట్టలేదు. పరిహారం ముట్టిన భూమి అది. అయినా అందులో మాలవాడు నాగలి పట్టడమే నేరమైంది. కారంచేడు, చుండూరు తర్వాత కూడా ఉత్తరాంధ్ర ప్రశాంతం అని చెప్పుకునేవాళ్ళకి లక్ష్మీపేట జవాబు చెప్పింది. భూమి ఉన్న దళితుడు కూలికి రాడు, అరుగు కింద నిలబడడు. డి-పట్టా కొనేయడంలో లాభంతో పాటు ఈ లెక్క కూడా ఉంటుంది.

పొరుగు రాష్ట్రాల అనుభవం కూడా ఇదే చెప్తుంది. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ నివేదిక తర్వాత 1892లో మద్రాసు ప్రెసిడెన్సీ అంటరాని కులాలకి భూములిచ్చింది. వాటినే తమిళనాడులో పంచమి భూములంటారు. పదేళ్ళ దాకా అమ్మకూడదు, ఆ తర్వాత కూడా ఆ కులాలవాళ్ళకే అమ్మాలి అని షరతు. ఆ షరతులన్నీ దాటి భూములు పోయాయి. 1994లో చెంగల్పట్టులో వాటి కోసం ఉద్యమం చేస్తే కాల్పులే జరిగాయి. కర్ణాటక 1978లో ఎస్సీ, ఎస్టీలకిచ్చిన భూముల్ని తిరిగిప్పించే చట్టం చేసింది. చాలా ఆలస్యంగా అడిగారన్న కారణంతో కోర్టులు కేసులు కొట్టేస్తుంటే, అక్కడి దళిత సంఘాలు పోరాడి 2023లో కాలపరిమితి అడ్డు తీసేసేలా సవరణ చేయించుకున్నాయి. మనం నేర్చుకోవాల్సింది ఆ సవరణ దగ్గర.

ఏం చెయ్యాలి?

ఊళ్ళో చెయ్యగలిగిన పనులు కొన్ని చెప్తాను.

మొదట రికార్డు. జమీందారీ ఊళ్ళల్లో సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్, ప్రస్తుత అడంగల్, 1-బి, సర్వే పటం, 22ఎ జాబితా, అసైన్‌మెంటు ఫైలు: ఈ ఆరూ ఊరి మొత్తానికి సమాచార హక్కు చట్టం కింద తీసి పెట్టుకోవాలి. డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరుంటే ఒక ఊరి పని నెల రోజుల్లో అవుతుంది. పట్టా ఏ తేదీన ఇచ్చారో, షరతు ఉందో లేదో తేలితే సగం వాదన తేలినట్టే.

రెండోది వారసత్వం. తాత పేరు మీద ఉండిపోయిన పట్టాలన్నిటికీ వారసుల పేర్లు ఎక్కించాలి. ఆడపిల్లల పేర్లతో సహా. ఆడపిల్ల సంతకం కావాల్సిన భూమి అంత తేలిగ్గా అమ్ముడవదు.

మూడోది రెండో సంతకం. పాత అగ్రిమెంటు పట్టుకుని ఎవరొచ్చినా ఒంటరిగా సంతకం పెట్టకూడదు. పేటంతా కలిసి మాట్లాడాలి. భూమి తిరిగిరావడానికి 1977 చట్టం కింద అర్జీ పెట్టాలా, ధర కోసం బేరమాడాలా అన్నది ఆ కుటుంబం ఇష్టం. కానీ తెలిసి చెయ్యాలి. బెదిరించి తీసుకుంటే 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో దళితుల భూమి లాక్కోవడం కూడా నేరమే అని పోలీసు స్టేషన్లో మనమే గుర్తుచెయ్యాలి.

నాలుగోది ఉమ్మడి భూమి. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని చెప్పింది. భూమిలేని పేదలకి, ఎస్సీ ఎస్టీలకి ప్రభుత్వం ఇచ్చినవాటిని మినహాయింపుగా చూడొచ్చని కూడా అందులోనే ఉంది. మొదటి సగం మాత్రమే చదివి మన గుడిసెలు పీకే అధికారులకి రెండో సగం చదివి వినిపించాలి. పచ్చిక ఉంటే గేదె ఉంటుంది, గేదె ఉంటే డెబ్భై సెంట్లయినా నిలబడుతుంది.

చివరగా నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా నాన్న వాటా డెబ్భై సెంట్లు 2011లో పోయింది. అక్క పెళ్ళికి కొంత, వేరే ఊరి విశ్వవిద్యాలయంలో నా చేరికకి, మెస్సు బిల్లుకి కొంత. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాణ్ని నేనే. "బూమి పోతే పోనాది, నువ్వు కాయితం సదవగలవు గదా" అన్నాడు నాన్న. ఆయన వేలిముద్ర వేసిన ఆ అగ్రిమెంటు నేను చదివింది చాలా ఏళ్ళ తర్వాత, పరిశోధనకి ఊళ్ళోకి వెళ్ళినప్పుడు. అందులో హద్దులు రాసిన చోట తూర్పున "గేదెల సాల" అని ఉంది. ఆ సాల ఇప్పుడు లేదు. ఆ కాయితంలో మాత్రం ఉంది, రికార్డులో తాత పేరూ ఉంది. కొన్నవాడికి కావలసిన రెండో సంతకం ముగ్గురు అన్నదమ్ములదీ, ఇద్దరు మేనత్తలదీ. మేం అయిదు కుటుంబాల వాళ్ళం కూర్చుని మాట్లాడుకున్నాం. ఇంకా ఎవరం సంతకం పెట్టలేదు.